పదకొండు సైకిళ్లు, మూడు రోజులు: చివరి సైకిలు లెక్కన బయల్దేరండి

ప్రశ్న: మేము పదకొండుమందిమి. వసంతంలో మూడు రోజులపాటు ఊళ్లకు దూరంగా, పొలాల మధ్య చిన్న దారుల్లో సైకిళ్ల మీద తిరిగి రావాలనుకుంటున్నాం. రోజుకు 80 కిలోమీటర్లు అనుకున్నాం. మాలో 24 ఏళ్లవాళ్ల నుంచి 61 ఏళ్లవాళ్ల దాకా ఉన్నారు. నలుగురివి సన్న టైర్ల రోడ్డు సైకిళ్లు, ఐదుగురివి రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే హైబ్రిడ్‌లు, రెండు మౌంటెన్ సైకిళ్లు. కిందటేడు రెండు రోజులు వెళ్తే మొదటి పూటే గుంపు చెదిరిపోయింది. ఇద్దరు దారి తప్పారు. ఐదు పంచర్లు. రెండో రోజు సాయంత్రానికి ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఈసారి అందరూ వేగం పెంచుకునేలా సాధన చేద్దామని ఎక్కువమంది అంటున్నారు. ఇంకా ఏమేం మార్చుకోవాలి?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే కిందటేడు మీకు తక్కువైంది వేగం కాదు. లెక్క తప్పింది. వేగంగా తొక్కేవాళ్లు దూరాన్ని ఖాయం చేశారు, నెమ్మదిగా తొక్కేవాళ్లు దాన్ని మోశారు. ఈసారి కూడా 80 కిలోమీటర్లతోనే మొదలుపెడితే ఎంత సాధన చేసినా ఫలితం పెద్దగా మారదు.

ముందు ఆ 80 సంగతి చూద్దాం. సామానుతో, చిన్న రోడ్ల మీద, రకరకాల సైకిళ్లున్న గుంపు కదులుతున్నప్పటి వేగం గంటకు 15 నుంచి 17 కిలోమీటర్లు. 16 అనుకోండి. 80 కిలోమీటర్లకు అయిదు గంటలు పడుతుంది. గంటకోసారి పది నిమిషాల విరామం, మొత్తం యాభై నిమిషాలు. మధ్యాహ్నం భోజనానికి గంట. పదకొండుమందిలో రోజుకు రెండు పంచర్లు పెద్ద వింతేమీ కాదు. గుంపులో ఒక్కో పంచరుకు ఇరవై నిమిషాలు పోతాయి, ఎందుకంటే ఒకరు బాగుచేస్తుంటే నలుగురు సలహాలిస్తారు. దారిలో ఎక్కుళ్లుంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకు మరో ఏడు నిమిషాలు కలపాలి. రోజంతా కలిసి 600 మీటర్లు ఎక్కితే అదొక నలభై నిమిషాలు. అన్నీ కూడితే ఎనిమిది గంటలు దాటింది. ఎదురుగాలి సంగతి ఇంకా లెక్కలోకి రాలేదు. ఒక రోజైతే పర్వాలేదు. వరసగా మూడు రోజులంటే రెండో రోజు సాయంత్రానికి మాటలుండవు, మీకు అనుభవమే.

మా సలహా: మొదటి రోజు 50, రెండో రోజు 60, మూడో రోజు 45. మొదటి రోజు కావాలనే తక్కువ పెట్టాం. బయల్దేరడం ఎప్పుడూ ఆలస్యమవుతుంది. సామాను సరిగ్గా కట్టుకోనివాళ్లు ఐదో కిలోమీటరు దగ్గర ఆగుతారు. సీటు ఎత్తు మార్చినవాళ్లు పదో కిలోమీటరు దగ్గర ఆగుతారు. మూడో రోజు తక్కువ పెట్టింది తిరుగు ప్రయాణం కోసం. రైలో బస్సో అందుకోవాలన్న కంగారుతో అలసిపోయిన కాళ్లతో తొక్కే ఆఖరి గంటలోనే పొరపాట్లు జరిగేది.

ఆ గంటకు 16 అన్న అంకె మీ గుంపుకు సరిపోతుందో లేదో కొలిచి చూడాలి. అందరికంటే నెమ్మదిగా తొక్కే ఇద్దరినీ, వాళ్లు మోసే సామానుతో సహా, అలాంటి దారిలోనే 40 కిలోమీటర్లు తొక్కమనండి. వాళ్లకు గాలి అడ్డుకుంటూ ముందు ఎవరూ తొక్కకూడదు. వాళ్ల సగటే మీ గుంపు సగటు. అది 13 వస్తే దూరాలన్నీ అయిదో వంతు తగ్గించండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

గాలి విషయం చాలామంది పట్టించుకోరు, వసంతంలో మాత్రం పట్టించుకోక తప్పదు. మీరు గంటకు 16 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అంతే వేగంతో ఎదురుగాలి వీస్తోందనుకోండి. మీ ఒంటికి తగిలే గాలి వేగం రెట్టింపైంది, అది వెనక్కి నెట్టే బలం నాలుగింతలైంది. చెట్లు లేని పంట భూముల్లో దాన్ని అడ్డుకునేది ఏదీ ఉండదు. వాతావరణం తేటగా ఉన్న రోజుల్లో గాలి సాధారణంగా తెల్లవారుజామున బలహీనంగా ఉండి, ఎండతో నేల వేడెక్కేకొద్దీ పెరిగి, మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో బాగా వీచి, పొద్దుగూకాక తగ్గుతుంది. కాబట్టి గాలికి ఎదురు వెళ్లాల్సిన భాగం పొద్దున్నే ముగించండి. కనీసం ఒక రోజు దారినైనా చుట్టుదారిగా వేసుకుంటే ముందురోజు రాత్రి వాతావరణ సూచన చూసి ఎటువైపు నుంచి తిరగాలో తేల్చుకోవచ్చు.

ఇక గుంపు చెదరడం. పదకొండు సైకిళ్లు ఒకే వరుసలో పోతే, ఒక్కొక్కరి మధ్య రెండు సైకిళ్ల ఖాళీ వదిలినా, వరుస యాభై మీటర్లు దాటుతుంది. ఇరుకు రోడ్డు మీద వెనక వచ్చే వాహనానికి అంత పొడుగు వరుసను ఒక్క ఊపులో దాటడం కష్టం. మధ్యలో ఎదురు బండి వస్తే అది మీ మధ్యలోకే జొరబడాలి. అందుకని ఆరుగురు, ఐదుగురుగా విడిపోండి. రెండు జట్ల మధ్య రెండు మూడు వందల మీటర్లు ఉండాలి. ప్రతి జట్టుకూ ముందు ఒకరు, చివర ఒకరు ఖాయంగా ఉండాలి. సొంత పంపు, సొంత పనిముట్లు కూడా జట్టుకు జట్టుకూ వేరుగా ఉండాలి. సాధారణంగా జరిగే తప్పు ఏమిటంటే, సైకిలు బాగుచేయడం వచ్చినవాళ్లందరూ బాగా తొక్కగలిగినవాళ్లే అయి ముందు జట్టులో పోతారు. వెనక జట్టు పంచరై రోడ్డు పక్కన నిలబడి, నాలుగు కిలోమీటర్ల ముందున్నవాళ్లకు ఫోన్లు చేస్తూ ఉంటుంది. చేయి తిరిగినవాళ్లను చివర పెట్టండి. చివరి వ్యక్తి మెరిసే పసుపు జాకెట్ వేసుకుంటే ఆ రోజు ఆఖరివారు ఎవరన్న సందేహం ఎవరికీ రాదు.

దారి తప్పడానికి మందు ఒకటుంది. మలుపు దగ్గర మనిషిని నిలబెట్టడం. ముందు పోయేవారు మలుపు చేరగానే తన వెనకున్న రెండోవారికి చేత్తో చోటు చూపిస్తారు. ఆ రెండోవారు రోడ్డు దిగి, అందరికీ కనిపించేచోట నిలబడి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు దారి చూపిస్తారు. పసుపు జాకెట్ వచ్చేదాకా కదలరు. అది రాగానే దానికి ముందుగా మళ్లీ వరుసలో కలుస్తారు. తర్వాతి మలుపు దగ్గర అప్పటికి రెండో స్థానంలో ఉన్నవారి వంతు. ఇలా అందరూ వంతులవారీగా నిలబడతారు. ముందున్నవారు వేగం తగ్గించనక్కర్లేదు, ఎవరూ మ్యాపు చూస్తూ తొక్కనక్కర్లేదు. ఈ పద్ధతి ఒకే చోట బెడిసికొడుతుంది: నిలబడ్డ మనిషికి విసుగొచ్చి, ‘అందరూ వెళ్లిపోయినట్టున్నారు’ అనుకుని కదిలిపోతే. వెనక పంచరైందేమో తెలియదు కదా. పది నిమిషాలు చూసి ఎవరూ రాకపోతే ఫోన్ చేయాలి. సిగ్నల్ లేకపోతే అక్కడే ఉండాలి. ముందు వెళ్లినవాళ్లకు కూడా ఒక హద్దు పెట్టండి: రెండు మలుపులు దాటినా పసుపు జాకెట్ కనిపించకపోతే మూడోది దాటకూడదు.

ఎక్కుడులో మాత్రం ఎవరి ఊపు వారిదే. అక్కడ కలిసి తొక్కమంటే వేగంగా తొక్కేవారికీ, నెమ్మదిగా తొక్కేవారికీ నరకమే. పైకి చేరాక కలవండి, కానీ సరిగ్గా కొసమీద ఆగొద్దు. ఎక్కుడు అవతల నుంచి వచ్చే బండికి మీరు చివరి క్షణం దాకా కనపడరు. కొస దాటి, దారి రెండువైపులా కనిపించేచోట, రోడ్డు పూర్తిగా దిగి ఆగండి.

విరామం గురించి ఒక్క నియమం పెట్టుకుంటే మీ గొడవల్లో సగం పోతాయి. పది నిమిషాల విరామం ఆఖరి మనిషి సైకిలు దిగినప్పటి నుంచి మొదలవుతుంది. మామూలుగా జరిగేది వేరు. ముందు వచ్చినవాళ్లు పావుగంట కూర్చుని, నీళ్లు తాగి, ఫొటోలు తీసుకుని, వెనకవాళ్లు రొప్పుతూ రాగానే ‘హమ్మయ్య, వచ్చేశారు, పదండి’ అంటారు. ఎక్కువ అలసిన మనిషికే అసలు విశ్రాంతి దొరకదు. మూడు విరామాలు ఇలా జరిగితే నాలుగోసారి ఆ మనిషి వెనకబడటం కాదు, ఆగిపోవడమే.

దగ్గరదగ్గరగా తొక్కడంలో ఒక ప్రమాదం ఉంది. మీ ముందు చక్రం ముందున్నవారి వెనక చక్రం పక్కకు, కొంచెమైనా, పోకూడదు. ముందువారు గుంత తప్పించడానికి జానెడు పక్కకు జరిగినా రెండు చక్రాలు రాసుకుంటాయి. అప్పుడు ముందువారికి ఏమీ కాదు, వెనకవారు పడతారు. పోటీల్లో తొక్కేవాళ్లలా అరచేతి దూరంలో తొక్కితే గాలి చాటు దొరుకుతుంది నిజమే, కానీ గంటకు 16 కిలోమీటర్ల వేగంలో ఆ లాభం స్వల్పం. ఎదురుగాలి రోజున తప్ప దానికోసం పాకులాడొద్దు. మామూలుగా రెండు సైకిళ్ల దూరం, దిగుడులో అయిదారు సైకిళ్ల దూరం ఉంచండి. లేచి నిలబడి తొక్కబోయేవారు ముందే చెప్పాలి. నిలబడే క్షణంలో సైకిలు కాస్త వెనక్కి వచ్చినట్టవుతుంది, వెనకున్నవారి చక్రం తగులుతుంది.

కేకలు నాలుగైదు చాలు: ‘గుంత’, ‘రాళ్లు’, ‘ఎదురు బండి’, ‘వెనక బండి’, ‘ఆగుతున్నా’. ముందునుంచి వచ్చిన మాటను ప్రతివారూ వెనక్కి అందించాలి, వెనకనుంచి వచ్చినదాన్ని ముందుకు. ‘దారి ఖాళీ, వచ్చేయండి’ అన్న మాట మాత్రం నిషేధించండి. ముందువారికి ఖాళీగా ఉన్న కూడలి అయిదు సెకన్ల తర్వాత వెనకవారికి ఖాళీగా ఉండదు. ఎవరి మలుపు వారే చూసుకోవాలి.

పొలాల దారులకు వాటి పద్ధతులు వాటికున్నాయి. వసంతమంటే మీకు సెలవులు, రైతుకు క్షణం తీరికలేని రోజులు. విత్తనాలు వేసే యంత్రాలు, మందు కొట్టే యంత్రాలు, బరువు బండ్లు అన్నీ మీరు తొక్కే ఆ ఇరుకు రోడ్డు మీదే తిరుగుతాయి. ట్రాక్టరు వస్తే జట్టంతా ఒకే పక్కకు దిగాలి. సగం అటు సగం ఇటు దిగితే డ్రైవరుకు ఎటు జరగాలో తెలియదు. ట్రాక్టరు వెనక నేరుగా బిగించిన యంత్రం మలుపులో బయటివైపుకు విసురుగా జరుగుతుంది. లాక్కొచ్చే బండి అయితే లోపలివైపుకు కోసుకుపోతుంది. అంటే మలుపులో దాని పక్కన సురక్షితమైన చోటు ఏదీ లేదు, తిరిగేదాకా వెనకే ఉండండి. దాని వెనక మరీ దగ్గరగా ఉంటే డ్రైవరుకు మీరు కనిపించరు. మీకు ఆయన అద్దం కనిపించకపోతే ఆయనకు మీరు లేనట్టే లెక్క. విశ్రాంతికి పొలం గేటు ముందు సైకిళ్లు పడేయకండి. ఎవరూ లేరు కదా అనిపించే గేటులోంచే పావుగంటలో ట్రాక్టరు వస్తుంది.

యంత్రాలు పొలంలోంచి రోడ్డెక్కినచోట మట్టి పెళ్లలు రాలతాయి. ఎండినప్పుడు అవి రాళ్లతో సమానం, తడిసినప్పుడు సబ్బు. దాని మీదకు వెళ్లకముందే వేగం తగ్గించాలి. మీదకు వెళ్లాక బ్రేకు పట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, నేరుగా పోవాలి. ముందు బ్రేకు అక్కడ గట్టిగా పడితే చక్రం జారిపోతుంది. బంకమట్టి బాటల విషయంలో మరీ జాగ్రత్త. వాన పడిన మర్నాడు అర కిలోమీటరు తొక్కేసరికి మట్టి టైరుకు చుట్టుకుని, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కింద, మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగడం మానేస్తుంది. బలవంతంగా తొక్కితే వెనక గేరు మార్చే భాగం స్పోకుల్లోకి లాగుకుపోయి విరుగుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అలాంటి ప్రతి బాటకూ తారు రోడ్డు మీదుగా వెళ్లే మారుదారి ముందే గుర్తుపెట్టుకోండి. దారి గీసుకునేటప్పుడే ఉపగ్రహ చిత్రాల్లో బాట రంగు చూడండి. రెండు చక్రాల చారలు, మధ్యలో పచ్చగడ్డి కనిపిస్తే అది మట్టి బాటే. అది సొంత పొలంలోది అయితే అనుమతి లేకుండా వెళ్లొద్దు.

మందు కొట్టే యంత్రం పొలంలో తిరుగుతుంటే గాలి ఎటు వీస్తోందో చూడండి. గాలి మీవైపు వస్తుంటే యంత్రం ఆ పొలం చెక్క దాటేదాకా ఆగడమే మేలు. డ్రైవరు చెయ్యూపితే చాలామంది ఆ నాలుగు నిమిషాలు ఆపుతారు కూడా. నీళ్ల సీసాల మూతులు మూసి ఉంచండి. పూత మీదున్న చేల పక్కన తేనెటీగలు ఎక్కువ. హెల్మెట్ కన్నాల్లో, కాలరులో చిక్కుకున్నది కుడుతుంది. కళ్లద్దాలు పెట్టుకోవడం, నోరు మూసుకుని తొక్కడం, ఈ రెండూ ఉంటే చాలు. తేనెటీగ కుడితే ఒళ్లు విపరీతంగా స్పందించేవాళ్లు జట్టులో ఉంటే వాళ్ల మందు ఎక్కడుందో మరో ఇద్దరికి తెలిసి ఉండాలి.

దూడలున్న ఆవుల మందను దాటాల్సివస్తే దిగి నడవండి. తల్లికీ దూడకూ మధ్య నుంచి మాత్రం పోవద్దు. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి: మూసి ఉంటే మళ్లీ మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. తెరిచి ఉన్నదాన్ని మూస్తే పశువులకు నీళ్లకు దారి పోవచ్చు. గేటు చూసుకోవడం ఆఖరి సైకిలు బాధ్యత. గుంపులో ‘వెనకవాళ్లు వేస్తారులే’ అన్నదే గేట్లకు శాపం. గుర్రాలను వెనకనుంచి దాటేటప్పుడు దూరం నుంచే మాట వినిపించండి, గంట కొట్టొద్దు. కుక్క తరుముకొస్తే భయంతో వరుసలోంచి పక్కకు తిప్పినవారి వల్లే నలుగురు పడతారు, కుక్క వల్ల కాదు. నేరుగా, నెమ్మదిగా పోండి. మరీ మీదకొస్తే దిగి, మీకూ దానికీ మధ్య సైకిలు అడ్డం పెట్టి, గట్టిగా అదిలించండి. పారిపోయే చక్రం దానికి ఆట, నిలబడ్డ మనిషితో ఆడుకోవడానికి చాలా కుక్కలు ఇష్టపడవు.

మీ ఐదు పంచర్ల గురించి ఇంకొన్ని వివరాలు రాసి ఉంటే బాగుండేది. ఆ ట్యూబులు ఇంకా ఉంటే తీసి చూడండి, కారణం అవే చెబుతాయి. పక్కపక్కన రెండు చిన్న చీలికలుంటే గాలి తక్కువై, గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగిందన్నమాట. టైరువైపు ఒకే చిన్న కన్నం అయితే ముల్లో గాజుపెంకో. వసంతానికి ముందు కంచె మొక్కలు కత్తిరించిన దారుల్లో ముళ్లు వారాల తరబడి రోడ్డంచున పడి ఉంటాయి, కాబట్టి అలాంటిచోట అంచు వదిలి కాస్త లోపలికి తొక్కండి. కన్నం రిమ్మువైపు ఉంటే స్పోకుల కన్నాల మీద వేసే పట్టీ పక్కకు జరిగింది. దాన్ని మార్చనంతకాలం ఎన్ని ట్యూబులు వేసినా పోతూనే ఉంటాయి. వాల్వు మొదట్లో చిరిగితే తప్పు దారిది కాదు, పంపు కొట్టిన చేతిది.

గాలి ఎంత ఉండాలన్నది టైరు వెడల్పును బట్టి, మనిషి బరువును బట్టి ఉంటుంది. సామానుతో కాక 70 కిలోల మనిషి ట్యూబు టైర్లతో తొక్కితే, 28 మి.మీ. టైరులో 70 నుంచి 80 పి.ఎస్.ఐ. (పంపు మీటరు చూపే గాలి ఒత్తిడి కొలత), 32 మి.మీ.కి 55 నుంచి 65, 38 లేదా 40 మి.మీ.కి 40 నుంచి 50, మౌంటెన్ సైకిళ్ల 50 మి.మీ. టైర్లకు 28 నుంచి 35 దగ్గర మొదలుపెట్టండి. వెనక చక్రం మీద బరువెక్కువ, అక్కడ నాలుగైదు ఎక్కువ కొట్టండి. వెనక సామాను కడితే ఇంకో నాలుగైదు. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠాన్ని దాటొద్దు, ఆ గరిష్ఠం దాకా కొట్టాలని కూడా అనుకోవద్దు. రాయిలా గట్టిపడ్డ టైరు గరుకు రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంది, మణికట్లు నొప్పెడతాయి, మలుపులో పట్టు తగ్గుతుంది. బొటనవేలితో నొక్కి చూసి చెప్పే అంచనాలు నమ్మొద్దు. మీటరున్న పంపుతో ప్రతి ఉదయం చూడండి. సన్న టైర్లవాళ్లకు మా మాట: ఫ్రేములో చోటుంటే 32కి మారండి. ఈ దారుల్లో అంతకంటే లాభమైన మార్పు మరొకటి లేదు.

పంచరు వేసేటప్పుడు ఎక్కువమంది తొందరలో వదిలేసే పని టైరు లోపల తడమడం. కన్నం దొరకగానే ట్యూబును టైరు పక్కన వాల్వుకు వాల్వు సరిపెట్టి చూస్తే ముల్లు ఎక్కడుందో తెలుస్తుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అది కిలోమీటరు కూడా రాదు. కొత్త ట్యూబులో గుండ్రంగా నిలిచేంత గాలి ముందే కొట్టండి, మడత పడదు. టైరు అంచును వాల్వుకు ఎదురువైపు నుంచి లోపలికి తోసుకుంటూ వచ్చి వాల్వు దగ్గర ముగించండి. ఆపైన వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదలండి. గాలి నిండా కొట్టేముందు రెండువైపులా చుట్టూ చూడండి. ఎక్కడైనా ట్యూబు తొంగిచూస్తే అక్కడ పేలుతుంది. ప్యాచీలు రాత్రి బస దగ్గర వేసుకోండి, దారిలో ట్యూబు మార్చడమే. ప్యాచీ ఊడిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: సొల్యూషన్ తడిగా ఉండగానే అంటించడం. గరుకు కాగితంతో రుద్ది, పల్చగా పూసి, మెరుపు పోయేదాకా, అయిదు నిమిషాలు, ఆగాలి. టైరే చీలితే ట్యూబుకూ టైరుకూ మధ్య పాత టైరు పక్కగోడ ముక్క ఒకటి పెడితే ఆ రోజు గడుస్తుంది. అది బరువుండదు, జట్టుకొకటి పెట్టుకోండి.

ఎవరి ట్యూబులు వారే తెచ్చుకోవాలి, మనిషికి రెండు. మీ పదకొండు సైకిళ్లలో కనీసం మూడు నాలుగు కొలతలుంటాయి, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. వాల్వులు కూడా రెండు రకాలు. సన్నటి ప్రెస్టా వాల్వుకు రిమ్ము కన్నం 6 మి.మీ., కార్లకుండే మందపాటి రకానికి 8 మి.మీ. సన్నది పెద్ద కన్నంలో సర్దుకుంటుంది, లావుది చిన్న కన్నంలో దూరదు. రెండు రకాలకూ పట్టే పంపులే కొనండి.

జట్టు సంచిలో ఉండాల్సినవి: పంపు, మూడు టైరు లీవర్లు, ప్యాచీల డబ్బా, 4, 5, 6 మి.మీ. ఆలెన్ తాళాలున్న మల్టీటూల్, గొలుసు పిన్ను తీసే పనిముట్టు, తెగిన గొలుసును కలపడానికి మీ గొలుసులకు సరిపోయే క్విక్ లింకులు, ఒక బ్రేకు తీగ, ఒక గేరు తీగ, స్పోకు తాళం, పది ప్లాస్టిక్ జిప్ టైలు, కరెంటు టేపు, చిన్న సీసాలో గొలుసు నూనె, చేతులకు రబ్బరు తొడుగులు. క్విక్ లింకు దగ్గర పొరపాటు పడతారు. 9 గేర్ల గొలుసుకు 11 గేర్ల లింకు సరిపోదు, కాబట్టి ఎవరి వెనక చక్రానికి ఎన్ని గేర్లున్నాయో ముందే రాసుకోండి. వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగరు అనే ముక్క ప్రతి మోడలుకూ వేరు. సైకిలు ఒక్కసారి కుడివైపు పడితే వంగేది అదే. ఎవరిది వారు ఒకటి సంచిలో వేసుకోవాలి, ఎందుకంటే దారిలో దొరకదు. అది వంగిందన్న అనుమానం వస్తే వెనక అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదకు గొలుసు ఎక్కించకండి, స్పోకుల్లో పడుతుంది.

గొలుసు తెగితే చెడిన లంకె తీసేసి మిగతాది కలపొచ్చు. గొలుసు పొట్టిదైంది కనక ముందు పెద్ద పళ్లచక్రం, వెనక పెద్ద పళ్లచక్రం కలిపి వేయొద్దు. స్పోకు విరిగితే దాన్ని పక్కదానికి చుట్టి టేపు వేసి, ఇరుపక్కల స్పోకులు కాస్త సడలించి, రిమ్ము బ్రేకు అయితే రాసుకోకుండా వదులు చేసి, మెల్లగా గమ్యం చేరండి.

సర్వీసింగు బయల్దేరే ముందురోజు చేయించకండి. కొత్త తీగలు మొదటి వందా నూటయాభై కిలోమీటర్లలో సర్దుకుంటాయి, గేర్లు తప్పడం మొదలవుతుంది. రెండు వారాల ముందు చేయించి, సామానుతో ఒకసారి 30 కిలోమీటర్లు తొక్కి, మళ్లీ బిగించుకోండి. గొలుసు అరుగుదల ఇంట్లోనే కొలవొచ్చు. 24 లంకెల పొడవు కొత్తగా ఉన్నప్పుడు 304.8 మి.మీ. ఉంటుంది. 11, 12 గేర్ల సైకిళ్లకు అది సుమారు 306.3 దాటినా, అంతకు తక్కువ గేర్లవాటికి 307 దాటినా మార్చాలి. మరీ ఆలస్యంగా మారిస్తే అరిగిన పళ్ల మీద కొత్త గొలుసు జారుతుంది, పళ్లచక్రాలూ మార్చాల్సివస్తుంది. సామాను వీపు మీద కాకుండా క్యారియర్ మీద, బరువైనవి అడుగున, రెండువైపులా సమానంగా కట్టండి. క్యారియర్ మరలు రోజూ ఉదయం చేత్తో కదిపి చూడండి, గరుకు దారుల్లో ముందు వదులయ్యేవి అవే.

సాధన మాటకొస్తే, వేగం కోసం కాదు, వరసగా రెండు రోజులు కూర్చోగలగడానికి చేయండి. ఆరు వారాలు చాలు. వారంలో రెండు రోజులు గంటేసి, వారాంతంలో శనివారం 25 కిలోమీటర్లతో మొదలుపెట్టి ప్రతి వారం అయిదేసి పెంచుతూ 45కి, ఆదివారం దానిలో సగం. చివరి వారం తగ్గించండి. ఆదివారం సగమే అయినా మానొద్దు. కాళ్లకంటే కూర్చునే చోటికి ఆ రెండో రోజే పరీక్ష. మెత్త ఉన్న సైక్లింగు నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు రాసుకుని పుండ్లు పడతాయి. కొత్త సీటు, కొత్త బూట్లు ప్రయాణం రోజున మొదలుపెట్టొద్దు.

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, ఎండ తక్కువైనా సరే. మొదటి ముప్పావుగంటకే ఏదో ఒకటి తినడం మొదలుపెట్టి, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా చూసుకోండి. ఆకలేశాక తింటే అప్పటికే ఆలస్యమైనట్టు. వసంతంలో ఉదయం చలి, మధ్యాహ్నం ఎండ. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించేంత బట్టలే వేసుకోండి. వెచ్చగా బయల్దేరినవారు మూడో కిలోమీటరులో విప్పడానికి ఆగుతారు, వాళ్లతోపాటు పదిమందీ ఆగాలి. గాలికి అడ్డంపడే పల్చని జాకెట్ దిగుళ్లకు, విరామాలకు చేతికందే చోట ఉండాలి.

ప్రతివారి జేబులో ఒక చీటీ ఉండాలి: పేరు, రక్తం గ్రూపు, పడని మందులు, ఇంట్లోవారి నంబరు. ఎవరైనా తల తగిలేలా పడి, తర్వాత తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, అడిగిందే అడగడం లాంటివి కనిపిస్తే ఆ రోజుకు సైకిలు ఎక్కనివ్వొద్దు, వైద్యుడి దగ్గరకే. దెబ్బ తిన్న హెల్మెట్ చూడటానికి బాగున్నా మళ్లీ పనికిరాదు. దారి ఫైలు కనీసం ఇద్దరి ఫోన్లలో, ఇంటర్నెట్ లేకుండా తెరుచుకునేలా ఉండాలి. మలుపుల పట్టిక కాగితం మీద కూడా ఉంచండి. ప్రతి 15, 20 కిలోమీటర్లకు బస్సో రైలో దొరికే చోటు ఒకటి గుర్తించి పెట్టండి. తప్పుకునే దారి ఉందని తెలిస్తే అలసినవారు ముందే నోరు విప్పుతారు, లేకపోతే కూలబడేదాకా చెప్పరు.

సాయంత్రం చేరగానే, స్నానానికి ముందే, పది నిమిషాలు సైకిళ్లకు ఇవ్వండి. టైర్లు చుట్టూ తిప్పి గుచ్చుకున్న ముళ్లు, గాజు ముక్కలు తీసేయండి. గొలుసు తుడిచి ఒక్కో లంకెకు ఒక్కో చుక్క నూనె వేసి, మిగిలింది మళ్లీ తుడిచేయండి. నూనె కారుతూ ఉంటే దుమ్మంతా పట్టేది దానికే. బ్రేకు దిమ్మల్లో ఇరుక్కున్న ఇసుక గీకేయండి.

బస చేసే చోట్లు ఇంకా ఖాయం చేసి ఉండకపోతే వారం ఆగండి. ఈ ఆదివారం ఆ నెమ్మది ఇద్దరితో 40 కిలోమీటర్ల తొక్కుడు పూర్తిచేసి, వచ్చిన అంకెను పదకొండుమందికీ చూపించి, అప్పుడు మ్యాపు ముందు కూర్చోండి.